ఎవరి ఊపిరి వాళ్లే ఊదిన రోజు

ముందు పొడి ఎత్తమన్నాడు. మనిషిని ఎత్తమని మాత్రం అనలేదు.

కళ్లారా చూసింది చెబుతున్నాను. జల్లెడ గదిలో మా వదిన ఛాతీ పట్టుకుని కూలబడిపోయింది. చేతిలోని డబ్బా దొర్లి, గోధుమరంగు పొడి నేలంతా పరుచుకుంది. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. వదిన దగ్గరికి కాదు, డబ్బా దగ్గరికి. "తొక్కకండి! ఎవరూ తొక్కకండి! చీపురు తెండి!" అని అరిచాడు. వదిన పెదాలు నీలం తిరుగుతున్నాయి. నేను వాణ్ని పక్కకు తోసి ఆమెను భుజాన వేసుకున్నాను. వెనకనుంచి వాడు మెమో ఇస్తానని బెదిరిస్తూనే ఉన్నాడు.

ఆ పొడి సంగతి మీకు తెలియాలి. మీరు కొనే సబ్బు పొడి ప్యాకెట్టు మీద తెల్లచొక్కా మెరుస్తూ ఉంటుంది చూశారా, ఆ మెరుపు వెనక ఉన్నది బూజు. నిజంగా బూజే. మా ఫ్యాక్టరీ వెనక షెడ్డులో పెద్ద స్టీలు తొట్లలో చక్కెర నీళ్లు, తవుడు పోసి దాన్ని పెంచుతారు. వేళకు తిండి, వేళకు గాలి, ఒంటికి సరిపడా వెచ్చదనం. అంత వైభోగం మాలో ఎవరికీ లేదు. అది వదిలే రసంలో ఎంజైములుంటాయి. ఆ రసాన్ని ఆరబెట్టి పొడి చేసి మా గదికి పంపుతారు. మేం జల్లించి సబ్బు పొడిలో కలుపుతాం. నెత్తుటి మరకైనా, పాల మరకైనా, చెమట మరకైనా కొరుక్కు తినేస్తుంది. మంచి సరుకే, కాదనను. బట్టలుతికే ఆడవాళ్ల రెక్కల నొప్పి కొంత తగ్గించింది. కానీ గాలిలో లేచి ఛాతీలోకి పోతే? మొదట తుమ్ములు, తర్వాత దగ్గు. ఆ పైన ఒంటికి పొడి మీద పగ పుడుతుంది. చిటికెడు తగిలినా ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి.

దుమ్ము లాగేసే పెద్ద ఫ్యాను జల్లెడ మీదే ఉంది. పనిచేస్తుంది కూడా. మేనేజరు దాన్ని ఆపించాడు. సరుకంతా లాగేస్తోందట! మా ఛాతీల్లోకి పోయే సరుకు మాత్రం ఆయన కంటికి ఆనలేదు.

నెలనెలా కంపెనీ డాక్టరు వచ్చి బల్ల మీద ఊపిరి బలం కొలిచే ఓ గొట్టం పెట్టేవాడు. జల్లెడ గదివాళ్లం, డబ్బాలు కడిగేవాళ్లం వరసగా వెళ్లి ఊదాలి. ఊదితే అందులో ముల్లు పైకి జరుగుతుంది. ఎర్రగీత దాటనివాళ్లకు గేటు దారి చూపిస్తారు. మందు లేదు, వేరే పని లేదు.

దానికి మేమో ఉపాయం పన్నాం. డబ్బాలు కడిగేచోట ఒకామె ఉంది. తిత్తి అని పిలుస్తాం. అక్కడంతా తడి, దుమ్ము లేవదు. ఆమె ఊపిరి కొలిమి తిత్తే. అందరికీ ఒకే నీలం కోటు, ఒకే టోపీ. ఛాతీ మీది పేరు బిళ్ల మార్చుకుంటే చాలు, ఊపిరాడని వాళ్లందరి బదులూ తిత్తే మళ్లీ మళ్లీ వెళ్లి ఊదేది. బారెడు మీసాలున్న మిక్సరు మామ బదులు ఊదినప్పుడు కూడా డాక్టరు ఫోనులోంచి తల ఎత్తలేదు. "ఏం మామా, ఈ నెల నీ ఊపిరి పడుచుపిల్ల ఊపిరిలా ఉందంట!" అని కడుపు పట్టుకుని నవ్వుకున్నాం.

ఆ నవ్వే మా కొంప ముంచింది.

వదినను ఆసుపత్రిలో చేర్చి అన్నయ్యా నేనూ మేనేజరు గదికి వెళ్లాం. కూర్చోమనలేదు.

"మీ ఆవిడ ఊపిరి పోయిన నెల కూడా ఫస్టు క్లాసు. ఇది ఫ్యాక్టరీ జబ్బు కాదు. ఇంట్లో పొయ్యి పొగై ఉంటుంది" అన్నాడు.

"మాది గ్యాసు పొయ్యండీ" అన్నాడు అన్నయ్య.

"అయితే నీ బీడీ పొగ."

"నేను తాగనండీ."

"ఏదో ఒకటి ఉంటుందయ్యా! జల్లెడ గదిలో ఒక్కరికైనా ఊపిరి తక్కువుందా? డాక్టరుగారినే అడుగు. మరి ఫ్యాను ఎందుకు వెయ్యమంటావు?"

ఊదింది వేరే మనిషని ఏ నోటితో చెప్పగలం? మమ్మల్ని కాపాడుకోడానికి మేం ఊదించిన ఊపిరే ఆయన చేతిలో కర్రయి కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం కుళాయిల దగ్గర అందరం చేరాం. తిత్తి ఏడుపు ఆపుకోలేకపోతోంది.

"సాయం చేశావే తల్లీ, నీ తప్పేముంది?" అన్నాడు మామ.

"సాయమా? నేను ఊదిన ప్రతిసారీ వాడి అబద్ధానికి ఊపిరి పోశాను మామా! ఇక నా వల్ల కాదు. ఎవరిది వాళ్లే ఊదండి."

"ఊదితే? అందర్నీ గెంటేస్తాడు!" అన్నారెవరో.

"ఒక్కొక్కర్ని గెంటడం తేలిక. గది గదినే గెంటేస్తే జల్లెడ ఎవరు పడతారు, వాడి బావమరిదా?" అన్నాడు మామ.

కొందరు నవ్వారు. మూల నిలబడ్డ బక్కామె విరుచుకుపడింది. "నీకేం మామా, నీ కొడుకులు చేతికొచ్చారు. మా ఇంట్లో నా ఒక్కదాని జీతమే. రేపు నా పిల్లలకి నీ మీసాలు వండిపెట్టనా?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. అంతలో ఆమెకే దగ్గు తెర కమ్ముకుంది. ఎంతకీ ఆగలేదు. తిత్తి వీపు రాస్తూ కూర్చుంది. దగ్గు తగ్గాక ఆమె కళ్లు తుడుచుకుని, "ఈ లెక్కన ఆ జీతం కూడా ఎన్నాళ్లు తెస్తాన్లే" అంది.

మేం ఏం అడగాలో అక్కడే తేల్చుకున్నాం. ఫ్యాను వెయ్యాలి. జబ్బు పడ్డవాళ్లకు అదే జీతానికి దుమ్ములేని పనివ్వాలి. అవతలి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న ప్యాకింగు ఆడవాళ్లను కూడా రమ్మన్నాం. "మీ గది గోల మాకెందుకమ్మా, మాది ప్యాకింగు" అంది వాళ్ల మేస్త్రమ్మ. ఆమె కనురెప్పల మీద కూడా పొడి ఉంది.

డాక్టరు వచ్చిన రోజు వరసలో మొదట నిలబడింది ఎవరనుకున్నారు? మా వదిన! అన్నయ్య ఆటోలో తీసుకొచ్చాడు. "వద్దు వదినా" అని బతిమాలాను.

"నా పేరు మీద ఇన్నాళ్లూ వేరేవాళ్లు ఊదారు. ఇవాళ నేనే ఊదుతా, నువ్వు జరుగు అబ్బాయ్" అంది.

ఊదింది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలి ఆగిపోయింది. డాక్టరు మొదటిసారి ఫోను పక్కన పెట్టి మనిషి ముఖం చూశాడు. తర్వాత బక్కామె, తన బిళ్లతోనే. తర్వాత నేను. తర్వాత మామ, మీసాలతో సహా. ఒక్కరి ముల్లూ ఎర్రగీత దాటలేదు.

"గొట్టం పాడైనట్టుంది" అని డాక్టరు దాన్ని బల్లకేసి కొట్టాడు.

"గొట్టం బాగానే ఉంది బాబూ, మేమే పాడయ్యాం" అన్నాడు మామ.

కబురందగానే మేనేజరు ఊడిపడ్డాడు. అప్పుడే తిత్తి తన పేరున ఊదింది. ముల్లు చివరిదాకా ఎగిరింది.

"చూశారా! ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకి ఏ దుమ్మూ ఏం చెయ్యలేదు! అమ్మాయ్, రేపటినుంచి జల్లెడ గదికి నువ్వే ఇన్‌ఛార్జివి. మిగతా అందరూ గేటు బయటికి!"

తిత్తి ఛాతీ మీది బిళ్ల పీకి బల్ల మీద పెట్టింది. "ఇన్నాళ్లూ మీరు ఫస్టు క్లాసన్న ఊపిరంతా నాదేనండీ. ఈవిడదీ, ఆవిడదీ, మామదీ అన్నీ నేనే ఊదాను. ఫ్యాను వేసేదాకా నా ఊపిరి కూడా మీకు లేదు."

"మోసం! పోలీసుల్ని పిలవండి!"

"పిలవండి. ఫ్యాను ఎందుకు ఆపారో వాళ్ల ముందే చెబుదురుగాని."

మేమంతా జల్లెడ గది గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాం. "ఫ్యాను వెయ్యాలి!" అని అరుస్తూ మధ్యలో దగ్గుతూ మళ్లీ అరిచాం. మా నినాదాల్లో సగం దగ్గే. సిగ్గుపడలేదు. పోలీసులు వచ్చి మోసం కేసని తిత్తిని రెక్క పట్టుకుని లాక్కెళ్లారు. వదిన వ్యాను చక్రం ముందు కూర్చుంటే లేవనెత్తి పక్కన పడేశారు. వ్యాను కదిలింది. మేనేజరు జేబురుమాలుతో మెడ తుడుచుకుని, గుమ్మాల్లోంచి చూస్తున్న మిగతా షెడ్లవాళ్లతో, "ఇక పని చూసుకోండి" అన్నాడు.

అప్పుడు ప్యాకింగు షెడ్డులో మిషన్లు ఆగిపోయాయి.

మేస్త్రమ్మ ముందు, ఆమె వెనక షెడ్డంతా, తెల్లబారిన చేతులతో మా మధ్యనుంచే నడిచి డాక్టరు బల్ల దగ్గరికి వెళ్లారు. ఆయన గొట్టాన్ని గబగబా సంచిలో పెట్టుకుంటున్నాడు. ఆమె సంచి పట్టీ గట్టిగా పట్టుకుంది.

"మమ్మల్ని ఎప్పుడూ ఊదమనలేదేంటి డాక్టరుగారూ? తియ్యండి గొట్టం. నేనూ ఊదుతాను."

ఆమె వెనక వరస గుమ్మం దాటి, ఆవరణ దాటి, గేటుదాకా ఉంది.