తోళ్ళ తొట్టిలో వేడినీళ్ళు

“ఆ చన్నీళ్ళలో చేతులు పెడితే నిమ్ము చేసి చస్తార్రా,” అన్నాను, తొట్టిలో చెంబుడు నీళ్ళయినా పడకముందే.

“నీ నోట్లోంచి మంచిమాట ఎప్పుడొస్తుందే అమ్మా?” అన్నాడు పెద్దాడు.

చిన్నాడు నవ్వాడు. “రాదులే అన్నయ్యా. పుట్టగానే నేను ఏడవలేదని ఏడ్చిందట. ఏడిస్తే, ఎందుకేడుస్తున్నాడని ఏడ్చిందట.”

మా ఆయన పోయేముందు ఉప్పు పట్టించి అటకమీద దాచిన గొర్రెతోళ్ళవి. ఏళ్ళ తరబడి పడుండి అట్టల్లా బిగుసుకుపోయాయి. బొచ్చు ఊడకుండా వాటిని మెత్తబరచాలని పెద్దాడి పట్టు. వాడి పెళ్ళానికి నెలలు నిండాయి. నాన్న దాచిన తోలు మీదే బిడ్డని పడుకోబెడతానని నలుగురికీ చెప్పుకున్నాడు.

“ఉప్పు కలిపిన చన్నీళ్ళు, అంతే. వేడి తగిలిందా, తోలు ఉడికి ముడుచుకుపోతుంది, బొచ్చు జారిపోతుంది,” అని తమ్ముడికి వేలు చూపించి మరీ చెప్పి, తర్వాత తోలుకి పట్టించే పటిక తేవడానికి బజారుకెళ్ళాడు.

నేనూ విన్నాను. విని కూడా, చిన్నాడు తొట్టిమీద వంగి రెండుసార్లు దగ్గేసరికి నా ప్రాణం ఆగలేదు. కాస్త వెచ్చనైతే ఏం మునిగిందిలే అనుకుని పొయ్యిమీద మరుగుతున్న గిన్నె తెచ్చి మొత్తం ఒంపేశాను.

“కొంప ముంచావే అమ్మా!” అన్నాడు చిన్నాడు. తర్వాత నా మొహం చూసి గొంతు తగ్గించాడు. “నువ్వు లోపలికెళ్ళు. ఏం మాట్లాడకు.”

పెద్దాడొచ్చి తోలెత్తి చూశాడు. బొచ్చు గుప్పెడు గుప్పెడుగా చేతిలోకొచ్చేసింది.

“ఎవడ్రా పోసింది?”

“నేనే,” అన్నాడు చిన్నాడు.

వాడి జుట్టు పట్టుకుని మొహం తొట్టిలో ముంచాడు పెద్దాడు. బుడగలొచ్చాయి. “వదలరా, నేనే పోశాను!” అని అరుస్తూ గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చి పెద్దాడి చొక్కా పట్టుకు లాగాను. వింటేగా! మోచేత్తో విసిరేస్తే వెళ్ళి గోడకి కొట్టుకున్నాను. ఇంతలో చిన్నాడు కాళ్ళు తన్నుకుని బయటపడి, అన్న మొహం మీద గుద్దాడు. పన్ను ఊడింది. నెత్తురు ఉమ్మి, తోలు గీకే రెండు పిడుల కత్తి అందుకున్నాడు పెద్దాడు.

పాము కరుస్తుందనుకున్నాను, లారీ గుద్దుతుందనుకున్నాను, కరెంటు కొడుతుందనుకున్నాను. రోజుకి వందసార్లు నా బిడ్డల్ని మనసులో చంపుకుని బతికించుకున్నదాన్ని. అన్న చేతిలో కత్తి మాత్రం ఒక్కసారీ తలపుకి రాలేదు.

దెబ్బ చెవి పైన పడింది. చిన్నాడు తడితోళ్ళ మీద బోర్లా కూలాడు. తెల్లటి బొచ్చు నెత్తురు తాగి ఎర్రబడింది.

“నేనురా పోసింది! వాడు కాదు!”

ఈసారి విన్నాడు. కత్తి జారిపోయింది. మోకాళ్ళ మీద పడి, తమ్ముణ్ణి వెల్లకిలా తిప్పి, తొట్టి నీళ్ళు కారుతున్న రెండు అరచేతులతో గాయాన్ని అదిమిపట్టాడు.

“ఒరేయ్, పలకరా. తిట్టరా నన్ను. కొట్టరా.”

పక్కింటివాళ్ళు గోడెక్కి చూస్తున్నారు, ఎవరో బండి కోసం పరిగెత్తారు. నేను చిన్నాడి ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరుందో లేదో అంతుచిక్కలేదు. పెద్దాడు పిలుస్తూనే ఉన్నాడు. పిలిచి పిలిచి వాడి గొంతు పోయింది. ఇక పెదాలే కదులుతున్నాయి.

అప్పుడు చిన్నాడు కళ్ళు తెరవకుండానే మూలిగాడు.

“చేతులు తియ్యి అన్నయ్యా. ఉప్పు మండుతోంది.”