పాలమసి, ఇనప మేకు

పాడి ఉన్న ఇంట్లో మంచి పాలను కావాలని విరగ్గొట్టమని అడగాలంటే గుండె ధైర్యం ఉండాలి. వసుధకు అది కావలసినంత ఉంది. పుంగనూరు దగ్గర ఆవుల మధ్య పెరిగి, కుప్పంలో కెమిస్ట్రీ పరిశోధన చేస్తున్న పిల్ల. తల్లి పంపే విరిగిన పాలముద్దను ఎండబెట్టి, గాలి తగలకుండా మాడ్చి నల్లటి పొడి చేసి, పాలమసి అని పేరు పెట్టింది. పాలలోని కార్బనూ నైట్రోజనూ అందులో మిగులుతాయి. బెంజైల్ ఆల్కహాల్ అనే ద్రవంలో ఆ పొడి చిటికెడు వేసి, ఆక్సిజన్ పంపి వేడిచేస్తే, అది బాదం వాసన కొట్టే మరో సరుకుగా మారుతుంది. మామూలుగా ఈ చాకిరీకి ఖరీదైన లోహాలు కావాలి. పిసరంత లోహం లేకుండా పాలమసి చేసిపెట్టిందంటే తల ఎత్తుకు తిరగదూ మరి?

మదనపల్లెలో జరగబోయే సైన్సు సభలో ఆ సంగతే చెప్పాలి. సభ ఇంకా కొన్ని వారాలుందనగా ఇంటికి వచ్చిన వసుధ, తల్లి రామాంజినమ్మ విరిగిన పాలున్న గిన్నెలోంచి తుప్పు మేకు తీయడం చూసింది.

"అదేందిమ్మా?"

"ఇనప మేకు. మంచి పాలు ఇరగ్గొడితే ఆవు పొదుగుకు కీడు గదా. దిష్టికని మొదట్నుంచీ వేస్తానే ఉండాను."

వసుధ అక్కడే చతికిలబడింది. పులిసిన పాలలో నానితే ఇనుము కరుగుతుంది. పాలలో ఇనుములాంటి లోహం ఎక్కడిదిలే అనుకుని, పొడిలో అది ఉందా లేదా అన్న పరీక్షే చేయించలేదు తను. పని చేసింది పొడి కాదేమో, మేకేమో. ఏడుపొచ్చింది, తన మీద కోపమూ వచ్చింది.

"ఇనుము వద్దుమ్మా. ఉత్తగానే ఇరగ్గొట్టు."

"ఉత్తగా నా చేతుల్తో నేను ఇరగ్గొట్టలేను," అంది రామాంజినమ్మ. "దిష్టికి బొగ్గు కూడా పనికొస్తాది. మూత మీద బొగ్గు పెట్టేదా?"

అంత ఏడుపులోనూ వసుధకు నవ్వొచ్చింది. "పెట్టుకో."

కుప్పంలో ఆమె చేత పరిశోధన చేయిస్తున్న చంద్రమోహన్ సారు విషయం విని తల పట్టుకున్నాడు. "సభకు రాలేమని చెప్పేద్దామా?"

"పొడి సంగతి తేలనీండి సార్. పని చేయకపోతే ఆ మాట నేనే సెప్తాను."

కొత్త పొడిలో ఇనుము లేదని పరీక్షలో తేలింది. ఇక ద్రవమూ ఆ పొడీ వేసిన గాజుబుడ్డి పొయ్యి మీదికెక్కింది. ఎప్పుడూ వాసన వచ్చే వేళ దాటిపోయింది. సారు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. వసుధ మాత్రం బుడ్డి వదల్లేదు. సాయంత్రానికి, సన్నగా, బాదం వాసన. నిదానమే, కానీ ఏ ఇనుము సాయమూ లేకుండా వచ్చిన వాసన. ఆమె మనసు పొంగిపోయింది.

మదనపల్లె సభలో వసుధ రెండు పొడులూ ఎంత వేగంగా పని చేశాయో చూపే రెండు గీతలను తెర మీద పెట్టింది. నిటారుగా లేచినది మేకు పడ్డ పాలది, మెల్లగా ఎక్కినది ఉత్త పాలది. తన పొరపాటు దాచకుండా చెప్పి, మెల్లగా ఎక్కిన గీత మీద వేలు పెట్టింది.

"నేను నిలబడేది దీని మీద."

హాలు చప్పట్లతో మోగింది. వెనక వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న రామాంజినమ్మ, పక్కనున్న లెక్చరరమ్మ మోచేయి తట్టింది.

"ఆ పిల్ల మాదేనమ్మా," అంది. కాస్త ఆగి, "ఆ మేకూ మాదే."