నాలుగు వేళ్ళ తేడా

ఎడమ అద్దం తుడిచి, కుడి అద్దం సగం తుడిచేసరికి రెండు యంత్రాలూ ఒక్కసారే నోరు విప్పాయి. ముందు అద్దానికి అతికించిన ఫోను ఎడమకు తిరగమంది. దాని పక్కన కొత్తగా బిగించిన పలకలాంటిది తిన్నగా పొమ్మంది. రెండూ ఆడగొంతులే. అత్తాకోడళ్ళ మధ్య ఇరుక్కున్న మగాడిలా నిదానం గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. లారీ ఇంకా గోదాము గేటు దాటనేలేదు.

నిదానం అన్నది తోటి డ్రైవర్లు పెట్టిన పేరు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క గోడనూ గీకింది లేదు, ఒక్కచోటికీ వేళకు ముందు చేరింది లేదు.

యజమాని పన్నెండు లారీలకూ దారి చెప్పే యంత్రం కొనాలనుకున్నాడు. ఏది మేలో తేల్చే పని నిదానం మీద పడింది. ఫోనులోది కార్లవాళ్ళు వాడేది, దగ్గరి దారి చూపుతుంది. పలక లారీల కోసమే చేసింది, బండి ఎత్తూ బరువూ ముందే దానికి చెప్పుకోవాలి. గుమాస్తా రెండు గళ్ళున్న కాగితం ఇచ్చి, సాయంత్రానికి ఒకదాంట్లో టిక్కు పెట్టమన్నాడు.

"రేపట్నుంచి మీ బావకి ఫోన్లు బంద్. బండి నడుపుతూ మాట్లాడ్డం అయ్యగారికి నచ్చట్లేదు," అని కూడా అన్నాడు.

అసలు చిక్కు అక్కడుంది. బావ, అంటే అక్క మొగుడు, ఇదే గోదాములో ముప్ఫై ఏళ్ళు లారీ నడిపాడు. నిదానానికి స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. నాలుగేళ్ళ కిందట కాళ్ళు పడిపోయాయి. అప్పట్నుంచీ కిటికీ పక్క మంచంలో దిండుకు ఆనుకుని, ఫోనులో బావమరిదికి దారి చెబుతున్నాడు. పొద్దున్నే గడ్డం గీయించుకుని, డ్యూటీకి పోయేవాడిలా చొక్కా గుండీలన్నీ పెట్టించుకుని మరీ ఆ ఫోను కోసం కాచుక్కూచుంటాడని అక్క ఒకసారి చెప్పింది.

ఆ ఫోను ఇక రాదని ఎలా చెప్పడం? దారి తెలియక ఎన్నోసార్లు తికమకపడ్డాడు గానీ, మాట తెలియక ఇంతగా ఎన్నడూ పడలేదు.

మొదటి సరుకుకి అద్దం మీది ఫోను మాట విన్నాడు. అది కారు మాత్రమే పట్టే సందులోకి లాక్కుపోయింది. టైల్సు పెట్టెల బరువుతో బండి వెనక్కి రాలేక వస్తూ ఎవరిదో ఆరేసిన దుప్పటిని అద్దానికి తగిలించుకొచ్చింది. రెండోదానికి పలక మాట విన్నాడు. అది ఊరంతా ప్రదక్షిణం చేయించింది. చేరేసరికి కొట్టువాడు తాళం వేసి భోజనానికి పోయాడు. దగ్గరి దారిలో పట్టదు, పట్టే దారిలో తెల్లారదు. ఏ గడిలో పెట్టాలి టిక్కు?

మూడోది రైలు వంతెన అవతల. ఈసారి వింతగా రెండు గొంతులూ ఒకే మాట అన్నాయి, వంతెన కిందుగా పొమ్మని. చొక్కా జేబులోని పాత ఫోనులోంచి బావా అదే అన్నాడు.

"దూరిపోరా. నేను వెయ్యిసార్లు దూరాను."

ముగ్గురు చెప్పినా నిదానం బండి ఆపి దిగాడు. లారీ పక్కనున్న కొక్కేల్లోంచి వెదురు కర్ర తీశాడు. ఎప్పుడో బావే బండి ఎత్తు కొలిచి కోసిచ్చిన కర్ర అది. కొసకు ఎర్రగుడ్డ ఉంటుంది. ఎక్కడ అనుమానం వచ్చినా దాన్ని నిలబెట్టి చూడాలి. కర్ర దూరితే బండి దూరుతుంది. వంతెన కింద నిలబెట్టబోతే ఎర్రగుడ్డ ఇనుప దూలానికి తగిలి ఆగింది. వంచితే తప్ప కర్ర నిలవలేదు. నాలుగు వేళ్ళు తక్కువ.

"దూరిందా?" అన్నాడు బావ.

"దూరింది బావా."

అనేసి, కర్ర కొక్కేలకు తగిలించి, రివర్సు వేశాడు. బండి వెనక్కి పోయేటప్పుడు వేసే కూత వీధంతా మోగింది. జేబులో ఫోను ఇంకా నడుస్తోందన్న సంగతి మరిచాడు.

"ముందుకెళ్ళే బండి అలా కూస్తుందేంట్రా?"

నిదానం బ్రేకు మీద కాలు పెట్టాడు. "కర్ర ఆగింది బావా. నాలుగు వేళ్ళు."



"ఎత్తు బోర్డు మార్చారా?"

"లేదు. అదే బోర్డు."

"అయితే రోడ్డు లేచిందిరా. తారు మీద తారు పోసుకుంటూ పోయారు." బావ సన్నగా నవ్వాడు. "ఇన్నాళ్ళూ నేను చెప్పిందంతా కిందనున్న రోడ్డు సంగతన్నమాట. ఇకనుంచి ఆ ఆడాళ్ళ మాటే విను. కర్ర మాత్రం మానకు."

రేపటి సంగతి చెప్పడానికి అదే సమయం. నిదానం మాత్రం గేరు మార్చి, అలాగే బావా అన్నాడు.

మూడోది చుట్టుదారిన చేర్చి, నాలుగో సరుకు దించే ముందు బావకు ఫోను చేశాడు. ఫోను మోగి మోగి ఆగింది. కునుకు పట్టిందేమో అనుకున్నాడు. దించాక మళ్ళీ చేశాడు, అప్పుడూ అంతే. అబద్ధం చెప్పినందుకు అలిగాడా, ఇక తన పని లేదని ఊరుకున్నాడా? యంత్రాలు రెండూ ఏదో చెబుతూనే ఉన్నాయి. అతను ఏదీ వినకుండా గోదాము చేరాడు.

గుమాస్తా కాగితం అడిగాడు. ఏదో ఒకటి పెట్టేయమన్నాడు.

"రోడ్డు లేచిందండీ. అది దీనికీ తెలీదు, దానికీ తెలీదు. మా బావకీ తెలీదు. దేంట్లో పెట్టమంటారు?"

గుమాస్తా కాగితం అందుకుంటుండగా జేబులో ఫోను మోగింది. తెరమీద బావ పేరు. గొంతు మాత్రం అక్కది.

"తమ్ముడూ... అన్నం తిన్నాక ఫోను చార్జింగు పెట్టమని నాకిచ్చాడురా. చొక్కా గుండీలు విప్పమన్నాడు, డ్యూటీ అయిపోయిందన్నాడు. కాసేపు పడుకుంటానన్నాడు. లేపితే లేవలేదు."

గుమాస్తా చేతిలో రెండు గళ్ళూ ఖాళీగానే ఉండిపోయాయి.

అక్కావాళ్ళ ఇల్లు నాలుగు వీధుల అవతల. నిదానం నడిచే పోయాడు. ఎదురొచ్చేవాళ్ళు ఎందుకు పక్కకు తప్పుకుంటున్నారో, గుమ్మం ముందుకు వచ్చేదాకా అతనికి తెలియలేదు. కర్ర భుజం మీదే ఉంది. ఎప్పుడు తీశాడో, ఎందుకు తీశాడో గుర్తులేదు. అలవాటుగా గుమ్మంలో నిలబెట్టి చూశాడు, దూరలేదు. గోడకు ఆనించి, తల వంచి లోపలికి పోయాడు.

బయట ఆ వెదురు కర్ర ఇంటి కప్పును దాటి నిలబడి ఉంది, కొసన ఎర్రగుడ్డకు వంతెన మసి అంటుకుని.