సంచులు దులిపే గేటు

ఆ సాయంత్రం స్టూడియో గేటు దగ్గర ఆమెను కొప్పు విప్పమన్నారు.

సంచి అప్పటికే బోర్లించారు. అన్నం డబ్బా, దువ్వెన, రంగు మరకల గుడ్డ బల్ల మీద పడి ఉన్నాయి. తనిఖీకి కొత్తగా పెట్టిన మనిషి డబ్బా మూత తీసి, లోపల వేలు పెట్టి కెలికింది. తర్వాత ఆమె తల వైపు చూసింది. కాగితం సన్నగా చుడితే కొప్పులో కూడా దాగుతుందట. బొమ్మలకు రంగులు వేసే ఆమె చేతులెత్తి పిన్నులు ఒక్కొక్కటే తీసింది. జుట్టు వీపు మీద పరుచుకుంది. వెనక బారులో నిలబడ్డవాళ్ళంతా గోడకేసి చూశారు. గోడ మీద ఏమీ లేదు. ఇలాంటప్పుడు మనమంతా గోడనే చూస్తాం.

డైరెక్టరమ్మ కూడా గోడకేసే చూసింది. ఆ విప్పిన జుట్టు ఆమె తోడికోడలిది.

డైరెక్టరుకు తనిఖీ లేదు. పక్కనున్న చిన్న తలుపులోంచి తిన్నగా బయటికి నడిచి వెళ్ళిపోవచ్చు. ఆ రోజూ అలాగే వెళ్ళింది. ఇద్దరూ ఒకే బస్సెక్కి, ఒకే ఇంటికి, ఒకే వంటింటికి చేరారు.

వాళ్ళు తీస్తున్నది పిల్లల కోసం బొమ్మల సినిమా. ఒక రాజు ఊళ్ళో గాలినంతా పట్టి కోటలో బంధిస్తాడు. బట్టలు ఆరక బతుకు జరగని చాకలిపిల్ల ఒకతె ఊరివాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి ఆ గాలిని విడిపిస్తుంది. డబ్బు తక్కువ. అందుకని ఒకసారి గీసిన నడకనే పదిమందికి తొడిగేవారు. ఊరి జనం వచ్చే సీనులో జనాన్ని గోడ వెనక పెట్టి కేకలు మాత్రం వినిపించమని ప్రొడ్యూసరు చెప్పాడు. ఇన్ని మొహాలు గీయిస్తే కొంప మునుగుతుందన్నాడు. డైరెక్టరమ్మ సరేనంది. అలా సరేనంటూనే సగం సినిమా అయింది.

గాలి గురించి సినిమా తీసే ఆ హాల్లో గాలి ఆడేది కాదు. కాగితాలు ఎగిరిపోతాయని ఫ్యాన్లు వెయ్యనిచ్చేవాళ్ళు కాదు. కిటికీలకు మేకులు కొట్టారు. అడుగున దీపం వెలిగే గాజు బల్లల మీద వంగి గీసేవాళ్ళ కళ్ళు మండేవి, రంగుల వాసనకు తల తిరిగేది. ఒక రోజు రంగులు వేసే పిల్ల ఒకతె కుర్చీలోంచి జారి పడిపోయింది. ఆ మర్నాడు పనివాళ్ళంతా కలిసి ప్రొడ్యూసరు దగ్గరికి వెళ్ళి కిటికీలు తెరిపించమన్నారు. సంఘం పెట్టుకుంటామని కూడా ఎవరో అన్నారు.

ఆ వారంలోనే దొంగ పుట్టాడు.

ఇంకా పూర్తికాని సినిమాలోని బొమ్మ బజారులో స్కూలు సంచుల మీద అచ్చయి కనిపించిందని ప్రొడ్యూసరు అందరినీ నిలబెట్టి చెప్పాడు. మీలోనే ఎవరో అమ్ముకున్నారన్నాడు. మర్నాటి నుంచి గేటు దగ్గర తనిఖీ మొదలైంది. హాల్లో మాటలు తగ్గాయి. పక్కవాడు లేస్తే ఎక్కడికి లేచాడా అని చూపులు. గీసిన కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నారు. కిటికీల మాట మళ్ళీ ఎత్తినవాడు లేడు. ఎత్తితే దొంగే ఎత్తాడంటారని భయం.

కొప్పు విప్పిన మర్నాడు ప్రొడ్యూసరు డైరెక్టరమ్మను గదిలోకి పిలిచాడు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారమ్మా. నువ్వైతే పట్టగలవు. ఆ ఇంట్లోనే ఉంటావుగా" అన్నాడు.

ఆమె లేదనలేదు, అవుననలేదు. కానీ ఆ మాట చెవిలో చీమలా దూరింది. తోడికోడలు ఈమధ్య రోజు విడిచి రోజు ఇంటికి ఆలస్యంగా వస్తోంది. అడిగితే బస్సు దొరకలేదంటుంది. అదే బస్సులో తను వస్తోంది కదా, రోజూ ఖాళీగానే ఉంటోంది. కొత్త చెప్పులు ఎక్కడివి? మొగుడు కొనిచ్చాడంది. మరిది మొహం చూస్తే కొనిచ్చినట్టు లేదు. అనుమానం అంటూ మొదలయ్యాక చెప్పులు కూడా సాక్ష్యం చెప్తాయి.

ఒక ఉదయం తోడికోడలు స్నానానికి వెళ్ళగానే డైరెక్టరమ్మ వంటింట్లో ఆమె సంచి తీసి లోపల చెయ్యి పెట్టింది. డబ్బా, దువ్వెన, గుడ్డ. అడుగున తడిమింది. ఏమీ లేదు.

"దొరికిందా అక్కా?"

తోడికోడలు తడి జుట్టుతో గుమ్మంలో నిలబడి ఉంది. డైరెక్టరమ్మ చెయ్యి ఇంకా సంచిలోనే ఉంది. గేటు దగ్గరి మనిషికి జీతమిచ్చి చేయిస్తున్న పని తను ఊరికే చేసి పెట్టింది.

తోడికోడలు కేకలు వెయ్యలేదు. సంచి తీసుకుని, సాయంత్రం తనతో రమ్మంది. ఎక్కడికి పోతున్నానో కళ్ళారా చూసుకోమంది.

సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద ఒక గది. లోపల, స్టూడియో హాల్లో పనిచేసేవాళ్ళలో సగం మంది కింద కూర్చుని ఉన్నారు. డైరెక్టరమ్మ గుమ్మంలోకి రాగానే మాటలు టక్కున ఆగిపోయాయి. అందరికంటే పాతవాడు, గీసింది చెరిపి మళ్ళీ గీస్తాడని రబ్బరన్న అని పిలుచుకునే ఆయన, లేచి నిలబడ్డాడు.

"ఈవిణ్ణెందుకు తెచ్చావు? ఇక్కడ మాట్లాడింది రేపు పొద్దున్నే ఆయన టేబులు మీద ఉంటుంది."

తోడికోడలు తను పూచీ అంది. నీ పూచీ ఎవడిక్కావాలని ఎవరో గొణిగారు. నీ మీద మాత్రం నమ్మకమేంటని ఇంకొకరు. దాంతో గది రాజుకుంది. నువ్వు ఆ రోజు ఎందుకు ముందెళ్ళావు, నీకు ప్రొడ్యూసరుతో నవ్వులేంటి, ఆ కాగితాల కట్ట ఎవరు మోశారు అని ఒకరినొకరు తవ్వుకున్నారు. సంఘం పెట్టుకోవడానికి వచ్చినవాళ్ళు కోర్టు పెట్టుకున్నారు.

ఆ గొడవ మధ్యలో గీసేవాడొకడు తన కూతురికి కొన్న స్కూలు సంచి తెచ్చి నేలమీద పడేశాడు. ఇదిగో, ఈ బొమ్మ ఎవరు గీశారో ఇప్పుడే తేలాలన్నాడు.

డైరెక్టరమ్మ ఆ సంచి చూడటం అదే మొదలు. చేతిలోకి తీసుకుని దీపం దగ్గర పెట్టుకుంది. చాకలిపిల్ల. నెత్తిన కిరీటం.

"ఇది నేను గీసిందే" అంది.

గది భగ్గుమంది. రబ్బరన్న తలుపుకు అడ్డం నిలబడ్డాడు. ఆమె కూర్చోకుండానే చెప్పింది. చివర్లో పిల్లకు రాజకుమారుడితో పెళ్ళి చెయ్యమని, కిరీటం పెట్టమని ప్రొడ్యూసరు పట్టుబట్టాడు. ఎలా ఉంటుందో చూపించమంటే ఆయన గదిలోనే, ఆయన ముందే ఒక్క బొమ్మ గీసి చేతికిచ్చింది. ఆ ముగింపు తనకు ఇష్టంలేక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ కాగితం హాల్లోకి రానేలేదు.

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నిజమే. కిరీటం గీసిన చెయ్యి వాళ్ళలో లేదు. కిరీటానికి రంగు కలిపిన చెయ్యి కూడా లేదు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" రబ్బరన్న అడిగాడు.

"సంచి ఇవాళే చూశాను. ఆయన చూపించలేదు. చూపించమని నేనూ అడగలేదు."

అప్పుడు తోడికోడలు నోరు విప్పింది. "బొమ్మ అమ్ముకున్నది ఆయన. కొప్పు విప్పింది నేను. మధ్యలో మీరంతా కుక్కల్లా ఒకళ్ళనొకళ్ళు వాసన చూసుకుంటున్నారు. ఆయనకు కావాల్సింది అదే."

తర్వాత నెమ్మదిగా, చేదుగా, అసలు మాటలు మొదలయ్యాయి. అయినా విడిపోయేటప్పుడు రబ్బరన్న డైరెక్టరమ్మను తేరిపార చూసి, ఎవరు ఎటువైపో రేపు హాల్లో తెలుస్తుందన్నాడు.

తెలిసింది. మర్నాడు ప్రొడ్యూసరు అందరినీ హాల్లో నిలబెట్టి, దొంగ దొరికిందని తోడికోడల్ని చూపించాడు. ఇవాళ్టితో పని నుంచి తీసేస్తున్నానన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. నవ్వుతూ, మీ డైరెక్టరుగారే సాక్ష్యం చెప్తారన్నాడు.

అందరి చూపులూ డైరెక్టరమ్మ మీదే ఉన్నాయి, అందులో ఒక్కటీ నమ్మే చూపు కాదు.

"ఆ కిరీటం బొమ్మ మీ గదిలో గీసి మీ చేతికిచ్చాను" అంది. "అది బజారుకెలా వెళ్ళింది?"

ప్రొడ్యూసరు నవ్వు అలాగే ఉండిపోయింది. అయితే దొంగవి నువ్వేనన్నమాట అన్నాడు. ఇక్కడి ప్రతి గీతా తనదేనన్నాడు. కాగితం ముక్క గేటు దాటితే పోలీసులేనన్నాడు.

రబ్బరన్న తన గాజు బల్ల మీది బొమ్మ తీశాడు. దాచుకోలేదు, రెండు చేతులా నెత్తికెత్తి పట్టుకున్నాడు. పక్కవాడు తనది ఎత్తాడు. తర్వాత మిగతావాళ్ళు. సంచులన్నీ కుర్చీలకు వేలాడదీసే ఉంచి, బొమ్మలు తలమీద పెట్టుకుని హాలు హాలంతా గేటు వైపు నడిచింది. డైరెక్టరమ్మ ఈసారి చిన్న తలుపు వైపు వెళ్ళలేదు. బారులో నిలబడింది.

తనిఖీ మనిషి బల్ల వెనక లేచి నిలబడి, సంచులేవని అడిగింది.

"సంచుల్లో ఏం లేదు తల్లీ, తీసుకెళ్తున్నది పైనే ఉంది, చూసుకో" అన్నాడు రబ్బరన్న.

ఆమె చూసింది. బల్ల పక్కకు లాగి దారి ఇచ్చింది.

రోడ్డు మీద గాలి వీస్తోంది. బొమ్మలు చేతుల్లో రెపరెపలాడాయి. నాలుగడుగులు వేశారో లేదో, ముందే పిలిపించి పెట్టిన పోలీసు వ్యాను వచ్చింది. ప్రొడ్యూసరు వేలు పెట్టి చూపించాడు. డైరెక్టరమ్మను రెక్క పట్టుకుని ఎక్కించారు. జనం చక్రాల ముందు కూర్చున్నారు, వాళ్ళను లాగి పక్కన పడేశారు, మళ్ళీ వచ్చి కూర్చున్నారు. ఎవరూ ఎక్కించకుండానే రబ్బరన్న వ్యానెక్కి ఆమె పక్కన సర్దుకున్నాడు.

"ఒక్కదాన్నే పంపితే స్టేషన్లో ఏం మాట్లాడతారో, నమ్మకమేంటి?" అన్నాడు. మీసం కింద నవ్వాడో లేదో ఆమెకు తెలియలేదు.

గొడవకు పక్క భవనంలో బట్టలు కుట్టే ఆడవాళ్ళంతా కిందికి దిగి వచ్చారు. డైరెక్టరమ్మ వ్యాను కిటికీ జాలీలోంచి చూస్తూనే ఉంది. తోడికోడలు చిరిగిన జాకెట్టు చేతిని పట్టుకుని వాళ్ళ దగ్గరికి నడిచింది. ముందున్న పెద్దావిడను మీ గేటు దగ్గరా తనిఖీ చేస్తారా అని అడిగింది.

పెద్దావిడ రోడ్డు మీద పడ్డ మనుషుల్ని చూసింది, వాళ్ళు వదలకుండా పట్టుకున్న కాగితాల్ని చూసింది.

"చేస్తారు" అంది. "రేపటిదాకా."