మూడో బీటు నీడ

తోడికోడలి నగలు చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారు, తోడికోడలి మొగుడి ఉద్యోగం చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారు. నేను మా తోడికోడలి నీడ చూసి కుళ్ళుకున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి. సంచీ భుజాన వేసుకుని ఎండలో రోజుకు మూడు వందల గుమ్మాలు తిరిగితే నీడంటే ఏమిటో మీకూ తెలుస్తుంది.

నేను ఉత్తరాలు బట్వాడా చేస్తాను. ఇరవయ్యేళ్ళ సర్వీసు. మా పోస్టాఫీసులో మేం ఏడుగురం, మాకు ఏడు బీట్లు. బీటంటే ఒక మనిషి రోజూ నడిచే వీధుల వరస. ఎవరికి ఏ బీటన్నది ఏటా ఒక రోజు తేలుతుంది. ఆ పొద్దున్నే ఉత్తరాలు సార్టు చేసే పొడుగు బల్ల చుట్టూ అందరం నిలబడతాం. పోస్టుమాస్టరు సర్వీసు ప్రకారం ఒక్కొక్కరినే పిలుస్తారు. పిలిచినవాళ్ళు తమకు కావలసిన నంబరు చెబితే ఆయన పుస్తకంలో రాసుకుంటారు. ఒకసారి రాశారంటే ఏడాది వరకూ మార్పు లేదు. ఆఖరున ఉన్నవాళ్ళకి మిగిలిందే గతి.

మూడో బీటు పదమూడేళ్ళు నా నెత్తిన ఉంది. నా పేరు పిలిచేసరికి మంచివన్నీ అయిపోయేవి. పొడుగాటి వీధి, అటూ ఇటూ సిమెంటు గోడలు, వెతికినా చెట్టన్నది లేదు. మేం దాన్ని పెనం అనేవాళ్ళం. భూమి వేడెక్కిపోతోందని పేపర్లవాళ్ళు రాయకముందే ఆ వీధిలో గేట్లకున్న ఉత్తరాల డబ్బాలు నాకు ఆ సంగతి చెప్పాయి. చేరిన కొత్తలో మిట్టమధ్యాహ్నం కూడా వాటి ఇనుప మూతల్ని ఉత్త వేళ్ళతో ఎత్తేదాన్ని. కొన్నేళ్ళకి మధ్యాహ్నమయితే రుమాలు కావలసి వచ్చింది. తర్వాత పొద్దున్న పదింటికే రుమాలు తీయాల్సి వచ్చేది. ఆఖరి వేసవిలో ఒక గేటు ముందు కళ్ళు తిరిగి పడ్డాను. లేచేసరికి ఎవరిదో వరండాలో ఉన్నాను, ఎవరో మొహాన నీళ్ళు కొడుతున్నారు.

ఆ ఏడాదే నా పేరు పైకొచ్చింది. పిలవగానే ఐదో బీటు అడిగి తీసుకున్నాను. అక్కడ వీధికి రెండు వైపులా పెద్ద చెట్లు, కొమ్మలు పైన కలుసుకుని ఉండేవి. మూడో బీటు ఆఖరుకి మా తోడికోడలి మెడకు చుట్టుకుంది. అది ఆ ఏడే ఉద్యోగంలో చేరింది. దానికి దరఖాస్తు కాగితం తెచ్చిచ్చింది నేనే. ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తుందని మా మరిదికి నచ్చచెప్పిందీ నేనే. ఎవర్నీ అనడానికి లేదు.

"అక్కా, మూడో బీటు ఎలా ఉంటుంది?" అని అడిగింది.

"ఎలా ఉంటుంది? వీధిలా ఉంటుంది. గొడుగు తెచ్చుకో," అన్నాను.

మొదటి వేసవి సాయంత్రాలు అది ఉడికిపోయిన మొహంతో ఇంటికొచ్చేది. చూసి జాలిపడ్డాను. లోపల కొంచెం హాయిగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

అక్కడితో అది నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. ఉత్తరం ఇస్తూ ఇస్తూ, "ఏమండీ, నేనొచ్చి నిలబడేది మీ డబ్బా దగ్గరే కదా, పక్కనొక మొక్క పెట్టరూ? మీ కోసం కాదు, నా కోసమే," అని ఇంటింటా అడిగేది. అలా అడిగితే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? కూరగాయలు కడిగిన నీళ్ళు ఆ మొక్కకే పోయమనేది. మొదటేడు సగం మొక్కలు చచ్చాయి. సిగ్గు లేకుండా మళ్ళీ అడిగి మళ్ళీ పెట్టించింది. పై అంతస్తులవాళ్ళ చేత డాబాల మీద తెల్లసున్నం కొట్టించింది. గదిలో వేడి తగ్గిందని ఒకావిడ చెబితే, విన్నవాళ్ళు తామూ కొట్టించుకున్నారు. ఇలా ఆరేళ్ళు. చెట్లు గోడలు దాటి పైకొచ్చాయి. ఆ వీధివాళ్ళు దానికి చల్లమ్మ అని పేరు పెట్టుకున్నారు. మేం పెనం అన్న వీధి!

ఇంతలో నా ఐదో బీటులో రోడ్డు వెడల్పు చేస్తామని చెట్లన్నీ కొట్టేశారు. నాలుగు రోజుల్లో పని పూర్తయింది. కొడుతుంటే ఇదేమిటని ఆ వీధిలో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఉత్తరాలు పంచేదాన్ని గానీ చెట్లకి కాపలాదాన్ని కాదుగా అనుకుని పక్కనుంచి వెళ్ళిపోయాను. ఆ వేసవికి మళ్ళీ రుమాలు తీశాను.

ఒక సెలవు రోజు రెండు కుటుంబాలం కలిసి భోజనానికి కూర్చున్నాం. మా అత్తగారు ఊరుకోలేదు.

"నిన్న చిన్నదాని వీధిలోంచి నడిచొచ్చానర్రా, ప్రాణం లేచొచ్చింది. మొన్న పెద్దదాని వీధిలో వెళితే అక్కడే పోతాననుకున్నా."

చిన్నది తల వంచుకుంది. దాని వినయం చూస్తే నాకు ఒళ్ళు మండింది. మా ఆయన కూర కలుపుకుంటూ, "నువ్వూ ఓ నాలుగు మొక్కలు పెట్టించకపోయావా?" అన్నాడు.

"మాట్లాడకుండా తినండి," అన్నాను.

బీట్లు పంచే రోజు మళ్ళీ వచ్చింది. ఆ ఏడు మొదటి పేరు నాదే. ఒక మాట చెప్పాలి. చెట్లు పెరిగాక మూడో బీటు మీద అందరి కన్నూ ఉంది. మా తోడికోడలికంటే ముందు పిలుపొచ్చే ఆరుగురిలో ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోలేదు. ఒకరు చెమటోడ్చి బాగుచేసుకున్న బీటుని పైవాళ్ళు ముట్టుకోకూడదని ఏ రూల్లోనూ లేదు, అయినా ఎవరూ ముట్టుకోలేదు.

"ఐదేగా?" అంటూ పోస్టుమాస్టరు రాయబోయారు.

"మూడు," అన్నాను.

నా తర్వాతి సర్వీసు మీసాలాయనది. ఆయన నా వైపు చూసి, దాని వైపు చూసి, తన పాత నంబరే చెప్పాడు. అందరూ అయ్యాక దానికి మిగిలింది ఐదు. సరేనంది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. అదీ నాకు నచ్చలేదు.

బయటికొచ్చాక సైకిళ్ళ దగ్గర నన్ను ఆపింది.

"అక్కా, మూడో బీటులో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు తొమ్మిది మంది. పొద్దున్న లేచి, నీళ్ళు తాగి, డబ్బా మూత తెరిచి పెడతారు. పదింటికి మూత తెరిచి ఉంటే బాగున్నారని అర్థం. మూసి ఉంటే తలుపు తట్టాలి. ఆ ఇంటికి ఉత్తరం లేకపోయినా తట్టాలి. ఎండలకి లోపల పడిపోతే ఎవరికీ తెలియదు."

"నాకు ఉద్యోగం నేర్పుతున్నావా?" అన్నాను.

"అది కాదక్కా..."

"మూత తెరిచి ఉంచితే వానొస్తే ఉత్తరాలు తడుస్తాయి. మూసి ఉంచమని రూలు," అనేసి సైకిలెక్కాను.

మూడో బీటు నీడ నాదైంది. ఏం లాభం? ప్రతి గేటు దగ్గరా అదే ప్రశ్న. "మా చల్లమ్మ రాలేదా?" "చల్లమ్మకి ఒంట్లో బాగాలేదా?" ఒకావిడ నాకు నీళ్ళిస్తూ, "మీరు ఈ వీధికి కొత్తా?" అని అడిగింది. పదమూడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగిన వీధిలో నేను కొత్తదాన్నట! ఆ గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చాను. చెట్టు కింద నిలబడితే ఒంటికి చల్లగానే ఉండేది. కడుపులో మంట మాత్రం ఆరేది కాదు.

వేసవి వచ్చింది. అంతకుముందెప్పుడూ చూడని ఎండలు. మమ్మల్ని తెల్లారగానే బయల్దేరి పదకొండింటికల్లా వచ్చేయమన్నారు. ఒకరోజు పదింటికి గడియారాల తాత ఇంటి ముందుకొచ్చాను. ఆయన చేతులు వణకడం మొదలయ్యేదాకా గడియారాలు బాగుచేసిన మనిషి, అందుకే ఆ పేరు. డబ్బా మూత మూసి ఉంది. సంచీలో ఆయనకు ఉత్తరం లేదు.

నేను ఆగాను. ఇది నిజం, ఆగాను. తలుపు తడితే ఆయన తీసి, "చల్లమ్మ చెప్పిందా?" అంటాడనిపించింది. ఉత్తరం లేని ఇంటి తలుపు తట్టడం నా పని కాదనుకున్నాను. పక్క గేటుకి వెళ్ళిపోయాను.

గంట తర్వాత మా తోడికోడలు ఐదో బీటు ముగించుకుని ఆ దారిన ఇంటికి వెళుతోంది. మూసి ఉన్న మూత చూసింది, తలుపు తట్టింది. పలుకు లేదు. ఇరుగుపొరుగుని పిలిచి తలుపు తోయించింది. తాత వంటింటి గడపలో పడి ఉన్నాడు, ఒళ్ళు కాలిపోతోంది. తడిబట్టలు చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బతికాడు. మాట మాత్రం సగమే వెనక్కొచ్చింది. ఇంకాస్త ముందొచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడట.

మర్నాడు సార్టింగు బల్ల దగ్గర అది నన్ను అడిగింది.

"అక్కా, నువ్వెళ్ళేసరికి మూత మూసే ఉందా?"

"చూడలేదే," అన్నాను.

"పోనీలే. ఆ ఎండలో ఏం కనబడుతుంది," అంది.

నమ్మేసింది. నిలదీసినా బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. అంత తేలిగ్గా మనిషిని నమ్మే గుణం దానికెందుకు, నాకెందుకు లేదు? తప్పు చేసి కూడా నేను దాన్ని చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను.

ఆ రోజు నుంచి తొమ్మిది ఇళ్ళ తలుపులూ తట్టాను. మూత తెరిచి ఉన్నా తట్టాను. "బతికే ఉన్నానమ్మా, ఎన్నిసార్లు చెప్పను!" అని ఒక ముసలావిడ విసుక్కుంది. గడియారాల తాత ఇంటికొచ్చాక రోజూ కిటికీ దగ్గర కూర్చునేవాడు. నన్ను చూసి చెయ్యెత్తేవాడు. నాకు ఆయన మొహంలోకి చూడటం చేతనయ్యేది కాదు. మధ్యమధ్య ఐదో బీటు మీదుగా వెళ్ళేదాన్ని. వెడల్పు చేసిన రోడ్డు పక్కన అది నలభై ఒక్క మొక్కలు పెట్టించింది. లెక్కపెట్టాను కాబట్టి తెలుసు. ఒక్కోటి మోకాలి ఎత్తు.

ఏడాది తిరిగింది. బల్ల చుట్టూ నిలబడ్డాం. ముందురోజే నిర్ణయించుకున్నాను. దాని వీధి దానికి ఇచ్చేస్తాను. ఎండలో నేనే మాడతాను. నా మీద నాకే కాస్త గౌరవం కలిగింది కూడా.

నా పేరు పిలిచారు. "ఐదు," అన్నాను.

దాని మొహం వెలుగుతుందని చూశాను. వెలగలేదు. అంతలో రెండో పేరు పిలిచారు.

"మూడు," అన్నాడు మీసాలాయన.

నేను గబుక్కున అటు తిరిగాను. "అదేమిటండీ! అది దాని బీటు. దానికోసమే వదిలాను."

"పోయినేడు మీరు తీసుకున్నప్పుడు ఎవరిది?" అన్నాడు. గొంతు పెంచలేదు. "నాకూ మోకాళ్ళ నొప్పులమ్మా. మీరు అడగొచ్చు, నేను అడగకూడదా?"

ఆరేళ్ళు ఎవరూ దాటని గీతని మొదట దాటింది నేను.

"నాది మార్చండి, మూడు రాయండి," అన్నాను పోస్టుమాస్టరుతో. మళ్ళీ వచ్చే ఏడు దానికి ఇద్దామని. ఆయన తల అడ్డంగా ఊపారు. రాసింది రాసినట్టే. ఇంకో నలుగురు చెప్పాక మా తోడికోడలికి మిగిలింది ఏడో బీటు. రేకుల షెడ్లు, గోడౌన్లు, ఒక్క ఆకు కనబడదు. మూడూ పోయింది, ఐదూ పోయింది. రెండూ నా నోటితోనే పోయాయి.

మీసాలాయన సంచీ సర్దుకుంటున్నాడు. అలా వదిలేస్తే ఆయనా తలుపులు తట్టడని నాకు తెలుసు, నేను తట్టలేదుగా.

"ఆగండి," అన్నాను. "మూడో బీటులో తొమ్మిది ఇళ్ళున్నాయి. పదింటికి డబ్బా మూత మూసి ఉంటే తలుపు తట్టాలి. ఉత్తరం లేకపోయినా సరే. గడియారాల తాత పడిపోయిన రోజు మూత మూసే ఉంది. నేను చూశాను. చూసి కూడా పక్కింటికి వెళ్ళిపోయాను."

చెబుతున్నంతసేపూ ఆయన వైపే చూశాను, దాని వైపు చూడలేదు. ఆయన జేబులోంచి కాగితం తీసి, "ఏ ఇళ్ళో నంబర్లు చెప్పండి," అన్నాడు. తొమ్మిదీ చెప్పాను. అందరూ ఎవరి సంచులు వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. బల్లకి అటువైపు అది ఒక్కతే మిగిలింది.

తిడుతుందనుకున్నాను. తిట్టమనే నిలబడ్డాను.

"ఐదో బీటులో మొక్కలకి ఇంకో రెండు వేసవులు నీళ్ళు కావాలి," అంది. అక్కా అనలేదు. "ఆ ఇళ్ళవాళ్ళని రోజూ అడుగుతూ ఉండాలి, లేకపోతే మర్చిపోతారు. మర్చిపోయినచోట మనమే పోయాలి. పోస్తావా?"

"పోస్తాను."

మామూలుగా అయితే "సరే," అని ఊరుకునే మనిషి అది. ఎవరేం చెప్పినా నమ్మే మనిషి. సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"రోజూ సాయంత్రం వచ్చి చూస్తాను," అంది.