నీర్ కుడి

మా తమ్ముడు మాణిక్‌కు భయం ఎక్కువ. తాను దాన్ని భయం అనడు, జాగ్రత్త అంటాడు. జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని, ఆదివారం వస్తే అడవుల్లో నడక. వచ్చే వారం తనతో పనిచేసే ఇరవై మందిని కన్నడ సరిహద్దు దాటి చించోళి వైపు అడవికి తీసుకుపోవాలట, అందుకని ముందు తానొకసారి దారి చూసి రావాలట. ఒంటరిగా పోకూడదని వాళ్ళ నియమం. భార్య స్వప్నకు ఏడో నెల. అందుకే కోహీర్ నుంచి నన్ను పిలిపించాడు. బర్రెల చాకిరీ నుంచి ఒకరోజు సెలవు దొరికిందని నేనూ సరేనన్నాను.

పొద్దున్నే వాడి సంచి చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. తాడు, టార్చి, కట్టు గుడ్డ, ఉప్పూ చక్కెరా కలిపిన పొట్లాలు, నాలుగు లీటర్ల నీళ్ళు. ఫారెస్టు ఆఫీసు చీటీ సరేసరి. ఏ దారిన పోయేదీ, ఎన్నింటికి తిరిగొచ్చేదీ కాగితం మీద రాసి స్వప్న చేతిలో పెట్టాడు.

"ఆరు దాటినా ఫోన్ రాకపోతె గీ కాగితం ఫారెస్టోళ్ళకు చూపెట్టు," అని ఆమెకు చెప్పి, నా మెడలో ఒక విజిల్ వేశాడు.

"నేనేమన్న బస్ కండక్టర్‌నార?"

"మూడుసార్లు ఊదాలె, ఆగాలె. మళ్ల మూడుసార్లు. జర యాదికుంచుకో అక్కా."

వాడు బండి బయటికి తీస్తుండగా నేను సంచిలోంచి రెండు లీటర్ల సీసా తీసి గోడ పక్కన పెట్టేశాను. ఆ జాగాలో జొన్నరొట్టెలూ టమాట తొక్కూ సర్దాను. అంత పెద్ద అడవిలో నీళ్ళకు కరువొస్తుందా అనుకున్నాను.

పదకొండింటికి గట్టెక్కి కూర్చున్నప్పుడు సంగతి బయటపడింది. వాడు అరవలేదు. అరిస్తే నేనూ తిరిగి అరిచేదాన్ని.

"ఎనుకకు పోదాం అక్కా. సగం నీళ్ళకు సగం దూరమే," అన్నాడు.

"గింత దూరమొచ్చి ఎనుకకా? యాడనన్న వాగుండకపోతదా? నువ్వేం ఫికర్ చేయకు."

అక్క మాట కొట్టెయ్యలేక లేచాడు. పన్నెండు దాటేసరికి దారి రెండుగా చీలింది. మోదుగు పొదల మధ్య పెద్ద బండ ఒకటి, దానికి అటూ ఇటూ రెండు దారులు. ఫోన్‌లో దాచుకున్న మ్యాప్ చూసి ఎడమకు పోవాలన్నాడు మాణిక్. ఫిబ్రవరి ఎండ నెత్తిన దిగింది. మిగిలింది ఒక్క సీసా.

అప్పుడే లోయ అవతలి గట్టు మీద మేకలు కనిపించాయి, వాటి వెనక ఒక ముసలాయన.

నాకు కన్నడం వచ్చని ఊరంతా చెప్పుకుంటాను. బీదర్ సంతలో 'ఎష్టు' అని ధర అడుగుతాను, 'జాస్తి' అని మూతి తిప్పుతాను, 'కమ్మి మాడి' అని తగ్గిస్తాను. బేరంలో నా కన్నడానికి తిరుగులేదు.

"అజ్జా, నీర్ ఎల్లి?" నీళ్ళెక్కడ అని గొంతెత్తి అడిగాను.

ఆయన కర్ర మా వైపే చూపిస్తూ అరిచాడు. "అల్లే! అల్లే నీర్ కుడి!"

"ఇన్నవార? అల్లే అంటె ఆడనే. నీళ్ళు కుడి దిక్కున్నయట!"

"మ్యాప్‌ల ఎడమకున్నది అక్కా."

"మ్యాప్‌కేమన్న దూపైతదా? పా."

మేము కుడి దారి పట్టగానే ఆయన ఇంకా గట్టిగా అరుస్తూ కర్ర ఊపాడు. గాలికి మాటలు తెలియలేదు. సాగనంపుతున్నాడనుకొని నేనూ చెయ్యి ఊపాను.

కుడి దారి ఎండిన వాగులోకి దిగింది. రెండు పక్కలా నిలువు బండలు, కింద గుండ్రాళ్ళు, తడి జాడ లేదు. నాకు చెయ్యి అందిద్దామని మాణిక్ ముందు దిగాడు. వాడు కాలు పెట్టిన చోట పక్క రాయి దొర్లి, ఎడమ పాదాన్ని చీలమండ దాకా సందులో బిగించేసింది. వాడి కేకకు పిట్టలు లేచిపోయాయి.

రాయి నెట్టాను. రెండు ఎండు కొమ్మలు తెచ్చి ఎత్తబోతే రెండూ విరిగాయి. బలమంతా పెట్టినా రాయి ఇసుమంత కదల్లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

"నేను వొయి ఎవలనన్న పిల్సుకొస్త," అన్నాను.

"దారి దప్పితె ఇద్దరం దొరకం. ఉన్న కాడ్నే ఉండు."

"ఆరింటికి స్వప్న చెప్తది కదర. వస్తరు."

వాడు బిగిసిన పాదం వైపు చూసుకున్నాడు. "కాగితం మీద ఎడమ దారి రాసిన అక్కా," అన్నాడు.

వాళ్ళు వస్తారు, ఎడమ దారంతా గాలిస్తారు. మేమిక్కడ ఉన్నామని తెలిసిన మనిషి లేడు. వీడి పాదం అప్పటికే నల్లబడుతోంది. అక్కడ ఏడో నెల కడుపుతో స్వప్న ఫోన్ కోసం చూస్తూ ఉంటుంది. అక్కనని పెద్దరికం చూపించి తమ్ముణ్ణి తెచ్చి గోతిలో పడేశాను.

విజిల్ ఊదాను. మూడుసార్లు, ఆగి మళ్ళీ మూడుసార్లు. మధ్యాహ్నం మూడు గంటలు దాటేసరికి పెదవులు అట్టలు కట్టాయి. ఊదితే గాలి వస్తోంది కానీ మోత రావడం లేదు. సీసాలో ఒక్క గుక్క ఉంది. వాడి నోటి దగ్గర పెట్టాను.

వాడు తల తిప్పేశాడు. "నువ్వు తాగు. నేను తాగితె నా దూప తీరుతది, నువ్వు తాగితె విజిల్ మోగుతది."

ఆ గుక్క తాగాను. నా జన్మలో అంత సిగ్గుపడుతూ నీళ్ళు తాగలేదు. తాగి ఊదాను.

ఎండ బండల పైకి ఎగబాకి, వాగులో నీడ కమ్మింది. నాలుగున్నర ప్రాంతంలో పైన గులకరాళ్ళు రాలాయి. మేకల ముసలాయన! కర్ర పట్టుకొని, భుజాన ప్లాస్టిక్ డబ్బాతో, తిట్టుకుంటూ దిగుతున్నాడు. నా దగ్గరికి వచ్చి డబ్బా మూత తీశాడు.

"నీర్ కుడి," అన్నాడు.

నేను కుడి వైపు చూశాను. అక్కడ బండ తప్ప ఏమీ లేదు.

ఆయన నన్ను వింతగా చూసి, డబ్బా మాణిక్ నోటికి ఎత్తాడు. "కుడి తమ్మా, కుడి." వాడు గటగటా తాగాడు.

అప్పుడు తెలిసింది నాకు. కుడి అంటే తాగమని. ఇరవై ఏళ్ళుగా పొద్దూ మాపూ బర్రెల ముందుకు కుడితి తొట్టి జరిపేదాన్ని నేను. ఆ మాట నా ఇంట్లోనే ఉంది, నా నోట్లోనే ఉంది.

సంచిలోంచి తాడు తీశాను. నేను నవ్విన తాడే అది. రాయికి చుట్టి నేను లాగాను, ఆయన కర్రతో కింది నుంచి ఎత్తాడు. నాలుగోసారికి రాయి పక్కకు ఒరిగింది. బూటు సందులోనే ఉండిపోయింది, పాదం బయటికొచ్చింది. వేళ్ళు కదుపుతావా అంటే మాణిక్ ఏడుస్తూ కదిపాడు.

ఇద్దరం చెరోపక్క పట్టుకొని మోదుగుల దగ్గరికి చేర్చేసరికి ఆరుకు పావుగంట తక్కువ. అక్కడ ఒక గీత సిగ్నల్ అందింది. "వస్తున్న, జర లేటైతది," అని స్వప్నకు చెప్పాడు. అంతకు మించి చెప్పలేదు.

ముసలాయన బండ వెనక పొద పక్కకు తీశాడు. బండ కింద దోసెడంత చెలమ, అంచున మేకల డెక్కల గుర్తులు. మధ్యాహ్నం మేము నిలబడ్డ చోటికి నాలుగడుగులు.

దోసిట్లో నీళ్ళు పట్టి మాణిక్ దగ్గరికి తీసుకుపోయాను. దారి పొడుగునా వాడు నన్ను ఒక్క మాట అనలేదు.

"కుడి, తమ్మీ," అన్నాను.

నొప్పికి పళ్ళు బిగించుకొని నా మొహంలోకి చూశాడు. "ఏ దిక్కుకు అక్కా?"

ముసలాయనకు అర్థం కాలేదు. నాకు దుఃఖం ఆగలేదు. నీళ్ళన్నీ వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. వంగి మళ్ళీ పట్టాను.