కాదనడం చేతకాని ఆఫీసు

కుక్క ఎందుకు మొరుగుతోందో ఫోన్లో చెప్పే మెడపట్టీ ఒకటి మేం తయారుచేశాం. మేం అంటే, మా ఆవిడ గ్రెటా తయారుచేసింది, నేను పక్కింటివాళ్ళకి చెప్పాను.

కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టేవాళ్ళ చుట్టూ మెన్లో పార్కనే ఊళ్ళో వేసవంతా తిరిగాం. అందరూ "అద్భుతం" అన్నారు. డబ్బు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మొదటి అద్భుతానికే నేను వాళ్ళు తొడుక్కునేలాంటి చేతుల్లేని కోటు కొనేసుకున్నాను.

గురువారంతో గ్రెటాకి హాస్పిటల్లో పెట్టిన సెలవు అయిపోతుంది. వెళ్తే ఉద్యోగం, ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్సు. వెళ్ళకపోతే కుక్కలు. ఏదోటి తేల్చుకుందామని ఆరోజే మళ్ళీ ఆ పెట్టుబడివాళ్ళలో ఒకడైన కర్టిస్ ఆఫీసుకి వెళ్ళాం.

"మీరిద్దరంటే మాకెంత ఇష్టమో!" అన్నాడు కర్టిస్, బాదంపాల కాఫీ చేతికిస్తూ. "ఇంకొంచెం ముందుకెళ్ళాక మళ్ళీ కలుద్దాం."

"అంటే డబ్బివ్వరా?" అంది గ్రెటా.

"అయ్యో, అలా అన్లేదే!"

"ఇస్తారా అయితే?"

"అలా కూడా అన్లేదు."

"చూడండి కర్టిస్, రేపు నేను డ్యూటీకి పోవాలో వద్దో తెలియాలి. లేదు అని ఒక్క ముక్క చెప్పండి, పోతాను."

కర్టిస్ మొహం పాలిపోయింది. అతన్నెవరూ ఎప్పుడూ అది అడగలేదట. "మావాళ్ళతో మాట్లాడొస్తా" అని గాజుగదిలోకి పోయాడు. లోపల అందరూ చేతులూపుకుంటూ వాదించుకున్నారు. ఒకాయన లేచి, మావైపు జాలిగా చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

"పోయినట్టేనంటావా?" అన్నాను.

"నువ్వు ముందా కోటు విప్పు," అంది గ్రెటా.

కర్టిస్ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "లేదనడం మావల్ల కాలేదండీ. రేపు మీరు పెద్దవాళ్ళైపోతే, వీళ్ళని కాదన్న తెలివైనవాడెవడని అడుగుతారు. అది నేనే అని సంతకం పెట్టడానికి ఒక్కడూ ఒప్పుకోవట్లేదు. ఇవ్వడానికైతే నా ఒక్కడి సంతకం చాలు. నాలుగు లక్షల డాలర్లు సరిపోతాయా?"

"పట్టీ నచ్చిందా మీకు?" అంది గ్రెటా, అయోమయంగా.

"అదింకా చూళ్ళేదు."

కారు దగ్గరికొచ్చాక గ్రెటా హాస్పిటల్‌కి ఫోన్ చేసి, ఇక రానని చెప్పేసింది. పెట్టేశాక ఫోన్ వైపే చూస్తూ నిలబడింది.

"ఏమన్నారు?"

"సరే అన్నారు."

"అంతేనా?"

"అంతే. ఒక్క మాట. మళ్ళీ అడగక్కర్లేకుండా అర్థమైపోయింది," అని ఏడవడం మొదలెట్టింది.

సంతోషంతోనా అని అడుగుదామనుకున్నాను. తనకీ తెలిసినట్టు లేదు.